బూడిద గుమ్మడికాయ మీది తెల్లపొడి తుడిచేస్తే కాయ త్వరగా ఎండిపోతుందా? ఆ మైనం ఎక్కడి నుంచి వస్తుంది?

తుడిచినంత మాత్రాన ఎండిపోదు. కాయలోని నీటికి అసలు కాపలా ఆ తెల్లపొడి కాదు. కాపలా కాసే పొర దాని కింద, కంటికి ఆనకుండా ఉంటుంది. నేను ఇంటర్ విద్యార్థులకు వృక్షశాస్త్రం చెబుతాను. ఈ సందేహం తరగతిలో తరచూ వస్తుంది. మీ రెండో ప్రశ్నతో మొదలుపెడితే మొదటిది తేలికవుతుంది.

ఆకుకైనా కాయకైనా అన్నిటికంటే పైన ఉండే కణాల వరుస బాహ్యచర్మం. మైనం తయారయ్యేది అందులోనే. ముందు కణంలోని ప్లాస్టిడ్లనే చిన్న భాగాల్లో 16, 18 కార్బన్ల కొవ్వు ఆమ్లాలు పుడతాయి. మన వంటనూనెల్లో ఉండేవీ ఈ కోవవే. అవి అంతర్జీవ ద్రవ్యజాలానికి (కణం లోపలి పొరల వల) చేరాక, అక్కడి ఎంజైములు విడతకు రెండేసి కార్బన్ల చొప్పున గొలుసును పొడిగిస్తాయి. అలా 30, 32, ఒక్కోసారి 34 దాకా పోతుంది. తర్వాత కొన్ని ఆల్కహాళ్లవుతాయి, కొన్ని ఎస్టర్లవుతాయి, కొన్ని ఒక కార్బన్‌ను వదులుకుని ఆల్కేన్లు (కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉండే గొలుసులు) అవుతాయి. రెండేసిగా పెరిగింది ఒకటి పోగొట్టుకుంటుంది కనుక మొక్కల మైనంలోని ఆల్కేన్లలో ఎక్కువ భాగం బేసి సంఖ్యవే. క్యాబేజీ ఆకు మైనంలో ప్రధానమైన నొనకోసేన్‌లో 29 కార్బన్లుంటాయి. ఈ లెక్క చెప్పినప్పుడు వెనక బల్లల వాళ్లు కూడా తలెత్తి చూస్తారు.

తయారైన మైనాన్ని కణత్వచంలోని రవాణా ప్రోటీన్లు బయటికి పంపుతాయి. అది కణకవచాన్ని దాటి పైకి చేరి, కొంత లోపలి పొరలోనే ఇంకిపోతుంది, కొంత ఉపరితలం మీద స్ఫటికాలుగా మారుతుంది. మీరు చూసే తెల్లపొడి ఈ రెండోదే. ఈ స్ఫటికాలను మొక్క ప్రత్యేకంగా మలచదు, వాటంతట అవే ఆ రూపు దాలుస్తాయి. కొన్ని మొక్కల మైనాన్ని క్లోరోఫాంలో కరిగించి గాజుపలక మీద ఆరనిస్తే, ఆకు మీద ఉన్నలాంటి సన్నని గొట్టాలే మళ్లీ ఏర్పడతాయి. బూడిద గుమ్మడి లేత పిందెకు ఈ పొడి ఉండదు, నూగు ఉంటుంది. కాయ ముదిరేకొద్దీ నూగు రాలి మైనం పేరుకుంటుంది.

ఇప్పుడు నీటి సంగతి. బాహ్యచర్మం మీద క్యూటిన్ అనే పాలిమర్‌తో అల్లిన పొర ఉంటుంది. మైనంతో కలిపి దీన్ని పాఠ్యపుస్తకాల్లో అవభాసిని అంటారు. వెదురు పుట్టిని ఎంత దట్టంగా అల్లినా తారు పూయకపోతే నీళ్లు ఎక్కుతాయి కదా, ఇక్కడ క్యూటిన్ ఆ అల్లిక, లోపల ఇంకిన మైనం ఆ తారు. అవభాసినిని విడదీసి, అందులోని మైనాన్ని క్లోరోఫాంతో కడిగేస్తే నీరు దాటిపోయే వేగం పదుల నుంచి వందల రెట్లు పెరుగుతుందని ప్రయోగశాలల్లో కొలిచారు. అల్లిక చెక్కుచెదరకపోయినా అంతే. అందుకే పొర మందంగా ఉంటే నీటిని బాగా ఆపుతుందన్న మాటను నేను పాఠంలోంచి తీసేశాను. మందానికీ నీటి నష్టానికీ సూటి సంబంధం కనబడదు. ముఖ్యమైనది గొలుసుల అమరిక. పొడవాటి తిన్నని గొలుసులు దగ్గరగా సర్దుకున్న చోట నీటి అణువుకు దారి దొరకదు. అది చుట్టూ తిరిగి, అమరిక వదులుగా ఉన్న సందులు వెతుక్కోవాలి. వేడి పెరిగేకొద్దీ ఆ సర్దుబాటు సడలుతుంది, నష్టం పెరుగుతుంది.

పైనున్న పొడిని మాత్రమే గమ్ అరబిక్ (మన తుమ్మబంకకు దగ్గరి చుట్టం) పూసి, ఆరాక ఊడదీసి పరీక్షించారు. చాలా మొక్కల్లో నీటి నష్టం పెద్దగా మారలేదు, కొన్నిటిలో మాత్రం కొంత పెరిగింది. ఆ పొడి ముఖ్యంగా చేసే పని వేరు: వెలుతురును వెనక్కి కొట్టడం, వాన చినుకులను, వాటితో పాటు దుమ్మును, శిలీంధ్ర బీజాలను జారవిడవడం. తామరాకు మీద ఈ సంగతిని జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయానికి చెందిన విల్హెల్మ్ బార్త్‌లాట్, నైన్‌హ్వీస్ 1997లో వివరంగా ప్రచురించారు.

అవభాసిని పనితనం కళ్లారా చూడాలంటే మామిడాకులు చాలు. వాటికి పత్రరంధ్రాలు అడుగు వైపే ఉంటాయి. మా ప్రయోగశాలలో ఒక ఆకుకు పైన, ఒకదానికి కింద, ఒకదానికి రెండు వైపులా వ్యాజిలైన్ రాసి, మరొకదాన్ని అలాగే వదిలి, వేలాడదీసి తూకం వేయిస్తాను. అడుగున రాసిన ఆకు బరువు చాలా నెమ్మదిగా తగ్గుతుంది. ఆ కాస్తా పోయేది పైవైపు అవభాసిని గుండానే. మొత్తం బాష్పోత్సేకంలో, అంటే మొక్క నుంచి ఆవిరిగా పోయే నీటిలో, ఈ వాటా మామూలుగా పదో వంతు లోపే. కానీ నీటి ఎద్దడిలో పత్రరంధ్రాలు మూసుకున్నాక ఆకుకు మిగిలే ముఖ్యమైన కారుదారి ఇదే.

దీనికి తిరగేసిన పని కిస్‌మిస్ తయారీలో జరుగుతుంది. మహారాష్ట్రలోని సాంగ్లీ వైపు తాస్‌గావ్ షెడ్లలో చూశాను. ద్రాక్ష గుత్తులను పొటాషియం కార్బొనేట్, డిప్పింగ్ ఆయిల్ కలిపిన నీళ్లలో కొద్ది నిమిషాలు ముంచి వలల మీద ఆరబెడతారు. ఆ నూనె ద్రాక్ష మీది మైనపు అమరికను చెదరగొడుతుంది. ముంచిన పండు సుమారు రెండు వారాల్లో ఎండుతుంది, ముంచనిది దానికి రెట్టింపు దాకా సమయం తీసుకుంటుంది. తొక్క చిట్లదు, తొక్కలోని నీటి దారులు మాత్రం తెరుచుకుంటాయి.

మీరు పెరట్లో మొక్కలు పెంచుతుంటే ఒక మాట. టిష్యూకల్చర్ అరటి పిలకలు సీసాలో తేమ మధ్య పెరుగుతాయి కనుక వాటికి మైనం పలుచగా ఉంటుంది. పత్రరంధ్రాలు కూడా సరిగ్గా మూసుకోవు. నీడవల కింద కొన్ని వారాలు ఉంచి గట్టిపరచకుండా తిన్నగా ఎండలో నాటితే వాడిపోతాయి. పురుగులకని ఆకుల మీద చిక్కటి సబ్బునీళ్లు కొట్టే అలవాటుంటే పలుచన చేసుకోండి. సబ్బు పురుగుతో పాటు మైనాన్నీ కడిగేస్తుంది. ఎండ ముదరక ముందే, పొద్దున్నే కొట్టండి. గుమ్మడికాయను మాత్రం నిశ్చింతగా తుడుచుకోండి. తొడిమ ఊడకుండా, తొక్కకు గీత పడకుండా చూసుకుంటే చాలు.