మధ్య ఎత్తులో జాతులు ఎక్కువ రావడం తప్పేమీ కాదు

ఉత్తరాఖండ్‌లో 500 నుంచి 3,500 మీటర్ల దాకా చేసిన మొక్కల సర్వేలో, పైకి వెళ్లేకొద్దీ జాతులు తగ్గకుండా మధ్యలో పెరిగాయని, డేటా పాడైందేమోనని అడిగారు. టెన్షన్ పడకండి. ఆ 'తగ్గుతూ పోవాలి' అన్న పాఠం పాతది. 1995లో కార్‌స్టన్ రాబెక్ అనే జీవావరణ శాస్త్రవేత్త అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను పరిశీలించి, మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే గ్రాఫే ఎక్కువగా కనిపిస్తోందని చూపించారు. నేపాల్ హిమాలయాల్లో కూడా పూల మొక్కల జాతులు మధ్య ఎత్తుల్లోనే ఎక్కువ.

అసలు పని కారణం తేల్చడం. కిలోమీటరు ఎక్కితే దాదాపు 6 డిగ్రీలు చల్లబడుతుంది, కానీ తేమ అలా ఒకే దిశలో మారదు, మబ్బులు ఆగే చోట పెరుగుతుంది. పైగా కింది వాలుల్లో మేత, కట్టెలు కొట్టడం ఎక్కువ. అక్కడి జాతులు మనుషుల వల్ల తగ్గితే మధ్య భాగం ఊరికే గొప్పగా కనిపిస్తుంది! నాకైతే మీ విషయంలో మొదటి అనుమానం దీనిమీదే.

అన్ని ఎత్తుల్లో ప్లాట్లు, అంటే మొక్కలు లెక్కపెట్టే నేల ముక్కలు, సమానంగా వేశారా? లేకపోతే రేర్‌ఫాక్షన్ చేసి, అంటే సమాన సంఖ్యలో మొక్కలు తీసుకున్నట్టు లెక్కగట్టి, మళ్లీ గ్రాఫ్ గీయండి. ప్రతి ప్లాటుకూ వాలు దిశ రాసి ఉంటే ఉత్తర, దక్షిణ వాలులను విడిగా చూడండి. ఎండ తేడా వల్ల ఒకే ఎత్తులో కూడా మొక్కలు మారిపోతాయి. జాతుల సంఖ్యకు కారణం తేల్చే గణాంక మోడల్‌లో ఎత్తు ఒక్కటే పెట్టకండి, వర్షపాతం, మేత తీవ్రత కూడా చేర్చండి.