డేటా మింగుతున్న వీఎం ఏది?

ప్రశ్న: లైనక్స్ సర్వర్ మీద కేవీఎంతో (ఒకే మెషీన్లో చాలా మెషీన్లు నడిపే లైనక్స్ సదుపాయం) ఆరు వర్చువల్ మెషీన్లు (వీఎంలు) నడుపుతున్నాను. నెల తిరగకముందే డేటా కోటా అయిపోతోంది. ఒక్కోదాంట్లో లాగిన్ అవకుండా, ఏది ఎంత వాడుతోందో హోస్ట్ (వాటిని నడిపే అసలు సర్వర్) నుంచే తెలుసుకోవచ్చా?

జవాబు: ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. హోస్ట్ నుంచి చూడొచ్చు, అసలు అక్కడినుంచే చూడాలి కూడా.

ఒక్కో వీఎంకి హోస్ట్ వైపు వీనెట్0, వీనెట్1 అంటూ ఒక ట్యాప్ ఇంటర్‌ఫేస్ (వీఎంని నెట్‌వర్క్‌కి కలిపే సాఫ్ట్‌వేర్ తీగ లాంటిది) ఉంటుంది. ఏది ఏ వీఎందో, వీఎంలని అదుపు చేసే కమాండ్ టూల్ విర్ష్‌లోని డొమ్‌ఇఫ్‌లిస్ట్ చెబుతుంది, బైట్ల లెక్క డొమ్‌ఇఫ్‌స్టాట్ ఇస్తుంది. ఈ క్షణంలో ఎవరు లాగుతున్నారో కావాలంటే ఆ వీనెట్ మీద ఐఎఫ్‌టాప్ (నెట్‌వర్క్ రాకపోకల్ని అప్పటికప్పుడు చూపే టూల్) నడపండి.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఐపీ కమాండ్‌తో వీనెట్ లెక్క చూస్తే ఆర్‌ఎక్స్ అంటే హోస్ట్ అందుకున్నది, అంటే వీఎం పంపింది. వీఎం డౌన్‌లోడ్ చేసుకున్నది టీఎక్స్ (హోస్ట్ పంపింది) కింద ఉంటుంది. డొమ్‌ఇఫ్‌స్టాట్ మాత్రం తనే తిరగేసి వీఎం వైపు నుంచి చూపిస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి 'ఇది బగ్' అంటూ నాకు స్క్రీన్‌షాట్లు పంపేవాళ్లున్నారు. దయచేసి పంపకండి.

వీఎంని షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేస్తే లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, వీనెట్ నంబరూ మారిపోవచ్చు. కాబట్టి ఐదు నిమిషాలకోసారి వీఎం పేరుతో సహా అంకెల్ని ఫైల్లో రాసే స్క్రిప్టు క్రాన్‌లో (టైము ప్రకారం పనులు నడిపే లైనక్స్ సదుపాయం) పెట్టుకోండి. నెట్‌వర్క్ కార్డునే పాస్‌త్రూలో (హోస్ట్ ప్రమేయం లేకుండా నేరుగా) వీఎంకి అప్పగించి ఉంటే ఇవేవీ పనిచేయవు, స్విచ్ దగ్గర చూసుకోవాలి.

కోటా సంగతి అలా ఉంచితే, నా టెన్షన్ అంతా అప్‌లోడ్ గురించే. ఒకసారి టెస్టింగ్ కోసం తెరిచి మర్చిపోయిన నా వీఎంలోకి ఎవరో దూరారు. పాస్‌వర్డ్ అంత తేలిక, తప్పు నాదే. లోపల టాప్ (నడుస్తున్న ప్రోగ్రాముల్ని చూపే కమాండ్) చూస్తే అంతా ప్రశాంతం, బయట వీనెట్ మీద మాత్రం తెల్లవార్లూ పంపుడే. రూట్ (సర్వాధికారాలున్న ఖాతా) చేజిక్కించుకున్నవాడు లోపలి టూల్స్‌తో ఎన్ని అబద్ధాలైనా చెప్పించగలడు. హోస్ట్ మీది లెక్కని ముట్టుకోవాలంటే వాడు వీఎం గోడ దూకి రావాలి, అది అంత తేలిక కాదు. అందుకే వీఎంకో మానిటరింగ్ ఏజెంట్ పెట్టి, దానికోసం ఇంకో పోర్టు తెరవమనే సలహా వింటే నాకు ఒళ్లు మండుతుంది. దొంగని పట్టడానికి ఇంకో తలుపు తెరవడమేంటి?

ఇక మేనేజ్‌మెంట్ ప్యానెళ్లు. సీపీయూకి, మెమరీకి రంగురంగుల గ్రాఫులు, నెట్‌వర్క్‌కి మాత్రం ఓ మూల గంట సగటుతో సన్నటి గీత. పది సెకన్ల ఉప్పెన ఆ సగటులో ఆనవాలు లేకుండా కరిగిపోతుంది. ఆ గీతని చూసి 'అంతా బాగుంది' అనుకునే అడ్మిన్లని ఏమనాలో తెలియదు.

మీరైతే ముందు రాత్రిపూట అప్‌లోడ్ అంకెలు చూడండి. మెయిల్ సర్వర్ కాని వీఎం ఏదైనా 25వ పోర్టు (సర్వర్ల మధ్య మెయిల్ వెళ్లే దారి) మీద ఊరూపేరూ తెలియని అడ్రసులకి కనెక్ట్ అవుతుంటే, విర్ష్‌లోని డొమ్‌ఇఫ్‌ట్యూన్‌తో వేగం తగ్గించి ఊరుకోకండి. ముందు దాని నెట్‌వర్క్ లింకు తెంపేయండి.