'ద వికర్ మ్యాన్': థియేటర్ వెర్షన్ చూడాలా, పొడవైనదా?

1973 నాటి బ్రిటిష్ హారర్ 'ద వికర్ మ్యాన్'ని ఏ వెర్షన్‌లో చూడాలంటే, నా ఓటు పొడవైనదానికే. థియేటర్ ప్రింట్ సుమారు 88 నిమిషాలు, ఇది 99. కానీ అసలు తేడా నిడివి కాదు. తప్పిపోయిన అమ్మాయిని వెతుకుతూ ఓ దీవికి వచ్చిన దైవభక్తుడైన పోలీసు, సార్జెంట్ హోవీ, అక్కడ గడిపే రెండు రాత్రుల్ని థియేటర్ ప్రింట్‌లో ఒక్క రాత్రికి కుదించారు. దాంతో అతన్ని కవ్వించే సత్రం యజమాని కూతురు విల్లో నాట్యం అతను దిగిన రాత్రే వచ్చేస్తుంది. అతని నిగ్రహం మెల్లగా కరుగుతున్న టెన్షన్ పోయింది. తోటి పోలీసులు అతని భక్తిని ఎగతాళి చేసే మొదటి సీన్లూ ఎగిరిపోయాయి. అవి లేకపోతే హోవీ ఉత్త మొండివాడిలా కనిపిస్తాడు, పాపం!

చేర్చిన సీన్లలో బొమ్మ కాస్త మసకగా ఉంటుంది. అది ఇబ్బందైతే, దర్శకుడు రాబిన్ హార్డీ ఒప్పుకున్న 2013 'ఫైనల్ కట్' చూడండి, సుమారు 94 నిమిషాలు. క్లైమాక్స్ మాత్రం ఎందులోనైనా అదే.