హాల్లో పడుకోవాల్సింది మీ ఆవిడ కాదు

ప్రశ్న: నాకు 32 ఏళ్ళు. మాది ప్రొద్దుటూరు. బంగారు అంగడిలో లెక్కలు రాస్తాను. పెళ్ళయి నాలుగేళ్ళయింది, పిల్లల్లేరు. పోయినేడాది జమ్మలమడుగు రోడ్డులో రాత్రిపూట బైకు మీంచి పడ్డాను, హెల్మెట్ లేదు. తలకు దెబ్బ తగిలితే కర్నూలులో ఆపరేషన్ చేశారు. ఫిట్స్ రాకుండా ఫెనిటాయిన్ వాడుతున్నా. అప్పటినుంచి నాకు ఆ ధ్యాసే లేదు. తెల్లారి లేచేటప్పుడు కూడా అంగం గట్టిపడదు. ఎప్పుడూ నీరసం. గడ్డం వారానికోసారి గీసుకుంటే చాలు. రాత్రి ఫిట్స్ వస్తాయేమోనని మా అమ్మ నా మంచం పక్కనే చాప వేసుకుంటుంది, నా భార్య హాల్లో పడుకునేది. నా మందులూ డాక్టరు చీటీలూ అమ్మ దగ్గరే ఉంటాయి, ఆస్పత్రికి తోడొచ్చేదీ అమ్మే. ఉగాదికి తాడిపత్రి పోయిన మనిషి ఇంకా రాలేదు. కష్టంలో మొగుణ్ణి వదిలేసి పోయిందంటుంది అమ్మ. స్నేహితుడొకడు అంగం గట్టిపడే మాత్రల షీటు ఇచ్చి, ఇవి వేసుకుంటే అంతా సర్దుకుంటుందన్నాడు. వేసుకోవచ్చా? పెద్దమనుషుల్ని పంపి ఆమెను పిలిపించమంటారా?

జవాబు: నాయనా, మాత్రలూ వద్దు, పెద్దమనుషులూ వద్దు. నీ రెండు ప్రశ్నలకూ అదే జవాబు. ఆ మాత్రలు కోరిక ఉన్నవాడికి రక్తప్రసరణలో సాయపడతాయి తప్ప, లేని కోరికను పుట్టించవు. గుండెకు నైట్రేట్ మందులు వాడేవాళ్ళు వేసుకుంటే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. తలకు ఆపరేషనై ఫిట్స్ మందు మీద ఉన్నవాడివి, స్నేహితుడి మాట మీద మాత్ర మింగుతావా? బస్టాండు గోడల మీద ‘నరాల బలహీనత, లాడ్జిలో ఒక్కరోజే క్యాంపు’ అని అంటించే కాగితాల జోలికీ పోకు.

నీ ఉత్తరంలో నన్ను ఆపేసింది గడ్డం సంగతి. నువ్వు ఏదో మాటవరసకు రాశావు గానీ, డాక్టరు దగ్గర ముందు చెప్పాల్సింది అదే. మెదడు అడుగున సన్నటి కాడకు వేలాడుతూ శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. తలకు గట్టి దెబ్బ తగిలినప్పుడు ఆ కాడ, దానికి రక్తం తెచ్చే నాళాలు దెబ్బతినొచ్చు. వృషణాలకు ‘మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ తయారు చెయ్యి’ అని కబురు పంపేది ఆ గ్రంథే. కబురు ఆగితే కోరిక పోతుంది, అంగస్తంభన తగ్గుతుంది, గడ్డం నెమ్మదిస్తుంది, కండ కరుగుతుంది, నీరసం వదలదు. తలకు గాయమైనవాళ్ళ మీద అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2007లో జామా వైద్య పత్రికలో వచ్చింది. నాలుగోవంతుకు పైగా మందిలో ఈ గ్రంథి పని ఎంతో కొంత తగ్గిందని తేల్చింది. స్కాన్ బాగుందన్నారని ధీమాగా ఉండొద్దు. స్కాన్‌లో ఏమీ కనపడకపోయినా హార్మోన్లు తగ్గి ఉండొచ్చు. ఇది నీ మగతనానికి పట్టిన శాపం కాదు, రక్తపరీక్షలో తేలే విషయం.

ఫెనిటాయిన్ కూడా శరీరానికి అందే టెస్టోస్టిరాన్‌ను తగ్గించగలదు. అలాగని నీ అంతట నువ్వు మానేశావో, ఫిట్స్ రావొచ్చు. మందు మార్చాలా వద్దా అనేది న్యూరాలజీ డాక్టరు చూసుకుంటాడు. మనసు దిగులుగా ఉంటుంటే అదీ చెప్పు. తల గాయం తర్వాత డిప్రెషన్ చాలామందికి వస్తుంది, కోరికను అది కూడా తినేస్తుంది.

ఇంక అసలు సంగతికొస్తాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మ ఏమందో రాశావు, స్నేహితుడు ఏమన్నాడో రాశావు. నీ భార్య ఏమందో ఒక్క ముక్క లేదు. పోతూ పోతూ ఏం చెప్పింది? నువ్వు అడిగావా?

మీ అమ్మను నేను ఆడిపోసుకోను. కొడుకు తల పగిలి ఐసీయూలో ఉంటే ఏ తల్లయినా మంచం కాళ్ళు పట్టుకునే కూర్చుంటుంది. కానీ ఏడాది దాటింది. నువ్వు అంగడికి పోయి ఊరి బంగారానికి లెక్కలు రాస్తున్నావు. అలాంటివాడికి రాత్రిపూట అమ్మ కాపలా ఎందుకు? ఫిట్స్ వస్తే చెయ్యాల్సినవి మీ ఆవిడ ఒక్క పూటలో నేర్చుకోగలదు: పక్కకు తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, చేతులు కాళ్ళు అదిమి పట్టకపోవడం, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యడం. తాళాల గుత్తి చేతిలో పెడితే ఫిట్స్ ఆగవని మీ అమ్మకూ చెప్పు.

పెళ్ళయిన ఆడపిల్ల ఏడాదిగా హాల్లో పడుకుంది. వచ్చిన చుట్టాలు చూశారు, ఎదురింటివాళ్ళు చూశారు. పిల్లల్లేరేమని అడిగేదీ ఆమెనే. మాత్రల డబ్బా అమ్మ చేతిలో, డాక్టరు చీటీలు అమ్మ బీరువాలో, మొగుడి మంచం పక్కన అమ్మ చాప. ఆ ఇంట్లో ఆమెకు మిగిలింది వంటగది. దాన్ని వదిలేసి పోవడం అనరు నాయనా, మానం నిలుపుకోవడం అంటారు. నేనైతే ఉగాది దాకా ఆగేదాన్ని కాదు.

నీ వైపునుంచి ఆమెకు ఏమి కనిపించి ఉంటుందో కూడా ఆలోచించు. మెదడు ముందు భాగం దెబ్బతిన్న మనిషి తనంతట తాను ఏదీ మొదలుపెట్టలేకపోవచ్చు. పిలిస్తే పలుకుతాడు, పెడితే తింటాడు, తానుగా మాట కలపడు, చెయ్యి వెయ్యడు. కొందరిలో దీనికి పూర్తి విరుద్ధంగా నోటికీ చేతికీ హద్దుండదు. గాయంవల్ల వచ్చిన మార్పని తెలియనివాళ్ళకు ప్రేమ చచ్చిపోయినట్టే ఉంటుంది. ఆమెకు ఎవరైనా చెప్పారా ఇది? డాక్టరు దగ్గరికి ఎవరు వచ్చేవాళ్ళు, మీ అమ్మేగా.

తిరుపతి స్విమ్స్‌లోనూ రాయవేలూరు సీఎంసీలోనూ హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజీ విభాగాలున్నాయి. ఒకచోటికి పో, ఆపరేషన్ కాగితాలన్నీ తీసుకుని. టెస్టోస్టిరాన్‌ను పొద్దున పరగడుపునే చూడాలి, తక్కువొస్తే ఇంకోరోజు మళ్ళీ చూస్తారు. పిట్యూటరీ పంపే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ హార్మోన్లు, థైరాయిడ్, జబ్బు చేసినప్పుడు ఒంటిని నిలబెట్టే హార్మోన్ కార్టిసోల్ కూడా చూడమను. కార్టిసోల్ తక్కువుంటే అది పడగ్గది సంగతి కాదు, ప్రాణం సంగతి. మామూలు జ్వరానికే బీపీ పడిపోయి మనిషి కుప్పకూలొచ్చు. పిల్లలు కావాలన్న మాట సిగ్గుపడకుండా ముందే చెప్పు. టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు కోరికను తెచ్చినా వీర్యకణాల్ని తగ్గిస్తాయి. పిల్లలు కావాలనుకునేవాళ్ళకు ఇచ్చే హార్మోన్ ఇంజెక్షన్లు వేరే ఉన్నాయి.

తాడిపత్రికి నువ్వే పో. బస్సెక్కి ఒక్కడివే పో, అమ్మ వద్దు, మేనమామ వద్దు. గొప్పలు చెప్పుకోకుండా నీ ఒంట్లో ఏం జరిగిందో ఆమెకు చెప్పి, ఆస్పత్రికి తోడు రమ్మని అడుగు. బీరువాలోని చీటీలు, మాత్రల డబ్బా ఆమె చేతిలో పెట్టు. అమ్మ చాప ఏ గదిలోకి మారాలో నీ నోటితో నువ్వే అమ్మకు చెప్పాలి, అది కోడలి నోట చెప్పించే మాట కాదు. ఆమె వెంటనే బయల్దేరకపోవచ్చు. ముందు రిపోర్టులు రానీ అనొచ్చు, ఇంకా కోపంగానే ఉండొచ్చు. ఉండనివ్వు. పరీక్షల తేదీ మాత్రం అందుకని వాయిదా వెయ్యకు.