హోమ్‌కమింగ్ కిరీటాన్ని కాలేజీ దరఖాస్తులో ఎక్కడ పెట్టాలి? మేనకోడలికి ఒక ఉత్తరం

మేఘనా తల్లీ,

నిన్ను హోమ్‌కమింగ్ కోర్టుకి, అదే మీ హైస్కూలు పండగలో తోటి పిల్లలు ఓటేసి కిరీటం కోసం ఎన్నుకునే బృందానికి, ఎన్నుకున్నారని మీ నాన్న చెప్పాడు. ఇంత పొడుగు రిబ్బన్లు, గంటలు వేలాడే ఆ మమ్ (పెద్ద చామంతి అలంకారం) పెట్టుకుని నవ్వుతున్న నీ ఫొటో చూసి కడుపు నిండింది. అయితే అదే ఫోన్లో, కాలేజీ దరఖాస్తులో ఆనర్స్ కింద మొదటి వరసలో దాన్నే పెడతానంటున్నావనీ, వ్యాసం కూడా దాని మీదే అనీ చెప్పాడు. అప్పట్నుంచీ మనసు మనసులో లేదు. మనబడిలో నేర్చుకున్న తెలుగుంది కదా, నిదానంగా చదువుకో.

ముందు ఆ ఆనర్స్ గడి. చాలా కాలేజీలకి కలిపి నింపే కామన్ యాప్ ఫారంలో దానికి ఐదే వరసలు, ఒక్కోదానికి 100 అక్షరాలు. ఆ ప్రశ్నని సరిగ్గా చదువు తల్లీ: తొమ్మిదో తరగతి నుంచి చదువులో వచ్చిన గౌరవాలు ఏమిటని అడుగుతున్నారు. నేషనల్ మెరిట్, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలకిచ్చే ఏపీ స్కాలర్, సైన్స్ ఫెయిర్ బహుమతి అక్కడివి. కిరీటం అక్కడిది కాదు. రెండు వరసలు ఖాళీగా మిగిలినా సరే, దాంతో నింపకు. ప్రశ్న చదవకుండా జవాబు రాసిందనిపించుకోవడం కంటే ఖాళీ నయం. డబ్బు కడితే సభ్యత్వం, సర్టిఫికెట్టు ఇచ్చే 'ఆనర్ సొసైటీ'ల ఉత్తరాలు ఇంటికి వస్తుంటాయి. అవీ వద్దు.

యాక్టివిటీస్‌లో, అంటే క్లాసు బయట చేసే పనుల గడిలో, పది వరసలున్నాయి, వివరణకి 150 అక్షరాలు, మధ్య ఖాళీలతో కలిపి. అక్కడ కూడా కిరీటానికి విడిగా వరస ఇవ్వకు. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని అడుగుతారు. ఒక్క రాత్రి జరిగినదానికి ఏం వేస్తావు? నువ్వు స్టూడెంట్ కౌన్సిల్లో స్పిరిట్ వీక్ (హోమ్‌కమింగ్ వారంలో స్కూలు సందడి) పనులు చూశావు కదా, ఆ వరసలోనే ముందు చేసిన పని రాసి, చివర 'హోమ్‌కమింగ్ కోర్టుకు ఎన్నిక' అని చేర్చు. మూడు మాటలు చాలు. కౌన్సిల్ పని లేకపోయి ఉంటే, వదిలెయ్యమనే చెప్పేదాన్ని.

ఇక వ్యాసం. నన్ను భయపెట్టింది అదే. ఈ వ్యాసం ఎలా ఉంటుందో నువ్వు రాయకముందే చెప్పగలను, ఏటా ఇదే పొరపాటు చాలామంది మంచి పిల్లలు చేస్తారు కాబట్టి. ఫుట్‌బాల్ ఆటలో హాఫ్‌టైమ్, స్టేడియం దీపాలు, నాన్న చెయ్యి పట్టుకుని మైదానం మధ్యలో నిలబడటం. మైకులో పేరు తప్పుగా పలకడం. అక్కడినుంచి వెనక్కి వెళ్లి, మిడిల్ స్కూల్లో లంచ్ బాక్సు తెరిస్తే పప్పు వాసనకి పక్కకి జరిగిన పిల్లలు. మళ్లీ కిరీటం, కన్నీళ్లు, 'ఇప్పుడు నన్ను నన్నుగా ఒప్పుకున్నారు' అన్న ముగింపు. అందులో అబద్ధం ఒక్కటీ ఉండదు, ఆ బాధా నిజమే. కానీ ఎర్ర పెన్ను తీసుకుని 'నేను' తర్వాత వచ్చే క్రియల కింద గీతలు గీసి చూడు: నిలబడ్డాను, విన్నాను, ఏడ్చాను, నవ్వాను. పక్కకి జరిగిందీ వాళ్లే, ఓటేసిందీ వాళ్లే, చప్పట్లు కొట్టిందీ వాళ్లే. గరిష్ఠంగా 650 మాటలుండే ఆ వ్యాసంలో నువ్వు ఆలోచించినదీ, తేల్చుకున్నదీ, చేసినదీ ఏమీ మిగలదు. చదివేవాళ్లకి నీ స్కూలు గురించి తెలుస్తుంది, నీ గురించి తెలియదు. ఓటు ఎందుకు పడిందో నీకూ తెలియదు కాబట్టి, ఎంత రాసినా అది ఊహే అవుతుంది. ఈపాటికే రాసేసి ఉంటే దాచుకో, చింపకు. పంపడం మాత్రం వద్దు. నీ క్రియలున్న రోజు ఏదైనా వెతుకు, అది గ్యారేజీలో సైకిల్ విప్పిన రోజైనా సరే.

మీ నాన్న ఇంకో మాట అన్నాడు: 'మన పిల్లలంటే పుస్తకాల పురుగులనుకుంటారక్కా, ఇది చూస్తే ఆ ముద్ర పోతుంది కదా.' వాడి భయం వట్టిది కాదు. ప్రవేశాల్లో ఆసియా మూలాల పిల్లల పట్ల వివక్ష ఉందంటూ 2018లో బోస్టన్‌లో నడిచిన హార్వర్డ్ యూనివర్సిటీ కేసులో ఆ లెక్కలు బయటికి వచ్చాయి: వ్యక్తిత్వానికి వేసే రేటింగులో ఆసియా మూలాల పిల్లలకి సగటున తక్కువ పడింది. ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని 2023లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక కూడా ఇళ్లల్లో ఆ దిగులు పోలేదు. కానీ ఆ రేటింగు దేన్ని చూసి వేస్తారు? వ్యాసాలు, ఇంటర్వ్యూ, టీచర్ల ఉత్తరాలు, స్కూల్లో పిల్లలకి దారి చూపే కౌన్సెలర్ ఉత్తరం. తోటి పిల్లలు నిన్ను ఇష్టపడతారన్న మాట నీ నోటి నుంచి వస్తే గొప్పలు, కౌన్సెలర్ రాస్తే సాక్ష్యం. ఈ కిరీటం ఉండాల్సిన చోటు అదే.

అది జరగాలంటే ఆ సంగతి కౌన్సెలర్‌కి నువ్వే అందించాలి. ఒక కౌన్సెలర్‌కి 250 మంది పిల్లలకి మించకూడదని వాళ్ల జాతీయ సంఘమే అంటుంది, ప్రభుత్వ స్కూళ్లలో చాలాచోట్ల అంతకంటే ఎక్కువే ఉంటారు. ఆవిడ నిన్ను గుర్తుపెట్టుకుంటుందని కూర్చోకు. నీ గురించి నువ్వే నింపి కౌన్సెలర్‌కి ఇచ్చే కాగితం, బ్రాగ్ షీట్ ఇస్తారుగా, అందులో రాయి: ఎన్నిక ఎలా జరిగింది, నామినేట్ చేసింది ఎవరు, ఆ వారం నువ్వు భుజాన వేసుకున్న పనులేమిటి. కొత్తగా చేరిన పిల్లల్ని ఫ్లోట్ (ఊరేగింపు బండి) కట్టడానికి పిలిచావటగా, అది తప్పకుండా రాయి. ఆ ఉత్తరం నువ్వు చూడవు, చూసే హక్కు వదులుకుంటూ సంతకం పెడతావు. అందుకని ఇచ్చే కాగితమే వివరంగా ఉండాలి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ప్రామ్ (ఏడాది చివరి డాన్స్ వేడుక) కిరీటం గురించి అడగక్కర్లేదు, సీనియర్ ప్రామ్ నాటికి కాలేజీల జవాబులు వచ్చేసి ఉంటాయి. డెబ్యుటాంట్ బాల్ (ఉన్నవాళ్లింటి అమ్మాయిల్ని పదిమందికీ పరిచయం చేసే డాన్స్ విందు) లాంటివి రాస్తే ఇంట్లో డబ్బుందని తప్ప ఇంకేం తెలియదు. నీ కూచిపూడి అరంగేట్రం కూడా బహుమతి కాదమ్మా. నాట్యం వరసలో ఎన్నేళ్ల సాధన, ఎంతసేపు ఒంటరిగా ఆడావు అన్నవి రాయి, హాలు సంగతి వద్దు. తానా, ఆటా సభల్లో గెలిచిన పోటీలు ఆ కళ వరసలోనే చేర్చు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) ఫారంలో అయితే పనులూ అవార్డులూ కలిపి 20 దాకా పెట్టుకోవచ్చు, అవార్డులకి చదువు నియమం లేదు, దాన్ని పొందడానికి ఏం కావాలో, నువ్వేం చేశావో విడిగా అడుగుతారు. అక్కడ కిరీటం పెట్టుకో, నాకు అభ్యంతరం లేదు.

తిట్టానని మొహం ముడుచుకోకు. నీ తోటివాళ్లు అంతమంది నీ పేరు రాశారంటే మా అందరికీ గర్వమే, ఆ ఫొటో నాయనమ్మ పూజగదిలో పెట్టుకుంది కూడా. ముందుగా పంపే ఎర్లీ దరఖాస్తులకి చాలా కాలేజీల గడువు నవంబర్ 1. కౌన్సెలర్లు ఉత్తరాల పని చాలా ముందే మొదలుపెడతారు, కాబట్టి బ్రాగ్ షీట్ ఈ వారంలోనే ఇచ్చేయ్. ఇచ్చేముందు ఒకసారి నాకు పంపు, రాత్రి ఎంత పొద్దుపోయినా చూస్తాను.

నీ అత్త