సూక్ష్మజీవులు, నాచు నిజంగా మనకు పనికొస్తాయా, లేక అదంతా పాఠ్యపుస్తకాల మాటేనా?

ఈ ప్రశ్న అడిగారంటే మీరు అపార్ట్‌మెంటులో ఉండరని నా అనుమానం. మురుగు శుద్ధి ప్లాంటు మీద కాపురం ఉండే మాబోటివాళ్లకు ఈ సందేహం రాదు.

పరిశ్రమల సంగతి ముందే చెప్పేస్తాను. 1997లో మన హైదరాబాద్‌లోనే శాంతా బయోటెక్నిక్స్ విడుదల చేసిన హెపటైటిస్-బి టీకాను తయారు చేసింది పికియా అనే ఈస్టు. కూల్‌డ్రింకుల్లోని సిట్రిక్ ఆమ్లం నిమ్మతోటల నుంచి రాదు, చక్కెర తిన్న నల్ల బూజు నుంచి వస్తుంది. ఇక అసలు విషయానికి వస్తాను.

నిజాంపేటలోని మా అపార్ట్‌మెంటులో ప్లాంటు సెల్లార్‌లో ఉంటుంది. మొన్న వేసవిలో అది పడకేసింది. లిఫ్టు తలుపు తెరుచుకుంటే చాలు, కుళ్లిన కోడిగుడ్ల వాసన. కమిటీ సమావేశంలో ఒకాయన అత్తరు లాంటిదేదో చల్లిద్దామన్నారు. ఇంకొకాయన బ్యాక్టీరియా పొడి అమ్మే ఏజెంటును వెంటబెట్టుకొచ్చారు. ధర వినగానే కోశాధికారి కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

నేను కిందికి దిగి ఆపరేటరును అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా, గాలి ఊదే ట్యాంకులోంచి లీటరు కొలజాడీ నిండా నీళ్లు ముంచి బల్ల మీద పెట్టి, "అరగంట చూడండి సార్" అన్నారు. ప్లాంటు ఆరోగ్యంగా ఉంటే గోధుమరంగు బురద గుబురుగుబురుగా కిందికి దిగి, పైన తేటనీరు మిగలాలి. మా జాడీలో అరగంట తర్వాత కూడా నల్లటి నీళ్లే, అడుగున వేలి మందం మడ్డి. "మురుగును తినేవి చచ్చిపోయాయి సార్. కరెంటు బిల్లు ఎక్కువవుతోందని రాత్రిళ్లు గాలి ఊదే బ్లోయర్ ఆపమన్నది మీ కమిటీవారే కదా!"

ఆ గోధుమరంగు బురదలో ఉండేదే బ్యాక్టీరియా. నీటిలో లీటరుకు సుమారు 2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే చాలు, మన మలినాన్ని తిని బతికేస్తుంది. గాలి ఆగిందా, సల్ఫేటుతో బతికే మరో జాతి విజృంభించి హైడ్రోజన్ సల్ఫైడు వదులుతుంది. లిఫ్టులో మేం పీల్చింది దాన్నే. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ పద్ధతిని లోకానికి చూపించారు. మురుగులోకి గాలి ఊదారు, దిగిన బురదను పారబోయకుండా పెరుగుకు తోడులా తర్వాతి విడతకు వాడుకున్నారు. అంతే.

మేమూ అదే చేశాం. బ్లోయర్ రాత్రింబవళ్లు తిప్పాం, పక్క అపార్ట్‌మెంటు ప్లాంటు నుంచి ఒక ట్యాంకరు బురద తెచ్చి కలిపాం. వాళ్లు పైసా తీసుకోలేదు. అసలు దాన్ని వదిలించుకోవడానికి వాళ్లే ఎదురు డబ్బు కడుతున్నారట! కొద్ది వారాల్లో వాసన పోయింది. నన్నడిగితే నగరంలో సగం ప్లాంట్లకు వచ్చిన రోగం బిల్లు భయమే. పొడులతో ఆ రోగం కుదరదు.

నాచు విషయంలోనూ మన తీరు ఇంతే. చెరువు పచ్చబడితే నాచును తిడతాం. దానికి నత్రజని, భాస్వరం మేపింది మన మురుగు కాదా? పగలు అది ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి మిగతా ప్రాణుల్లాగే వాడుకుంటుంది. నాచు మరీ దట్టమైతే తెల్లవారేసరికి నీటిలో ఆక్సిజన్ అడుగంటి చేపలు తేలుతాయి. అదే నాచును లోతులేని మడుగుల్లో పెంచితే, పగటిపూట బ్లోయర్ పనంతా ఉచితంగా చేసి బ్యాక్టీరియాకు ఊపిరి అందిస్తుంది. ఆక్సిడేషన్ చెరువు అంటే అదే. కాకపోతే దానికి ఎకరాలు కావాలి, ఇక్కడ గజం ధర అడిగితేనే గుండె ఆగుతుంది.

చివరగా ఒక గోడు. ప్రతి ఆదివారం ఇంటింటా బాత్రూముల్లో సీసాలకు సీసాలు యాసిడ్, ఫినాయిల్ గుమ్మరిస్తారు. అదంతా తిన్నగా కింది ట్యాంకులోకే పోతుంది. సూక్ష్మజీవి అనగానే రోగం అని టీవీ ప్రకటనలు మనకు నూరిపోశాయి మరి. సబ్బు నీళ్లు, బ్రష్షు చాలని మా వాట్సాప్ గ్రూపులో రాశాను. "మరి క్రిములు ఎలా చస్తాయండీ?" అని మూడో అంతస్తు ఆవిడ అడిగారు. అవి చావకూడదనే నా బాధ అని రాస్తే, అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు.