ఏ నంబరు వరి వెయ్యమంటారు? – పద్మనాభం రైతు సందేహం

సందేహం: మాది విశాఖపట్నం జిల్లా పద్మనాభం మండలం. చెరువు కింద రెండెకరాల వరి, పైన అరెకరం మెట్ట ఉన్నాయి. మా నాన్నగారి రోజుల నుంచి స్వర్ణే వేస్తున్నాం, విత్తనం ఇంట్లోదే. నిరుడు చెరువు ఆలస్యంగా నిండడంతో ఆగస్టు ఆఖరుకి గాని ఊడ్పులు పడలేదు. సగం దుబ్బుల్లో పిలకలు ఉల్లికాడల్లా గొట్టాలైపోయి వెన్ను తియ్యలేదు. మిగిలిన చేను కోతల ముందు వానకి పడిపోయి వెన్నుల మీదే మొలకలొచ్చాయి. విత్తనాల షాపతను 1121 వెయ్యమంటున్నాడు, మా బావగారు 1064 అంటున్నారు. మెట్టలో చోళ్లకి మెడవిరుపు తగులుతోంది. మా అబ్బాయి ఫోన్లో చూసి "యూనివర్సిటీవాళ్లు వందల పేపర్లు రాస్తారు నాన్నా, మనకేటి ఒరిగింది?" అంటున్నాడు. ఏ రకం వెయ్యమంటారు సార్?

జవాబు: మీ అబ్బాయి అడిగినది న్యాయమైన ప్రశ్న. దానికీ జవాబు చెబుతాను. ముందు చేను సంగతి చూద్దాం.

మీరు చెప్పిన గొట్టాలు ఉల్లికోడువి. దోమంత ఈగ రాత్రిపూట ఆకుల మీద గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు ఆకు తొడుగుల మధ్య నుంచి కిందికి పాకి పిలక మొవ్వులోకి చేరుతుంది. అది మొవ్వును తింటూ ఉంటే ఆకు రావలసిన చోట తెల్లటి గొట్టం వస్తుంది. ఈసారి కనబడితే ఒక గొట్టాన్ని మొదలుదాకా నిలువునా చీల్చి చూడండి. అడుగున చిన్న పురుగు గాని, కోశం గాని దొరుకుతుంది. గొట్టం కొసన చిన్న రంధ్రం, దానికి పట్టుకుని తెల్లటి పొర కనబడితే ఈగ అప్పటికే ఎగిరిపోయిందని అర్థం. గొట్టమైన పిలక ఇక వెన్ను తియ్యదు. ఆ దశలో ఏ మందు కొట్టినా పోయిన పిలక తిరిగి రాదు. నిరుడు మీరు మందులేవైనా కొట్టి ఉంటే, అవి పనిచెయ్యకపోవడానికి కారణం ఇదే అయ్యుంటుంది.

ఉల్లికోడు ఎక్కువగా దెబ్బతీసేది ఆలస్యంగా ఊడ్చిన చేలనే. ముందు ఊడ్చిన పొలాల్లో పెరిగిన ఈగలన్నీ, పిలకలు తొడిగే దశలో ఉన్న లేత చేను ఎక్కడుందో వెతుక్కుంటూ వస్తాయి. మబ్బు పట్టి ముసురుగా ఉంటే మరీ ఎక్కువ. నిరుడు ఆ లేత చేను మీదైంది.

అందుకే నంబరు కంటే ముందు తేల్చుకోవలసింది మీ చెరువులోకి నీళ్లు ఎప్పుడొస్తాయన్నది. స్వర్ణ, అంటే ఎం.టి.యు. 7029, మారుటేరు పరిశోధన స్థానం నుంచి 1982లో వచ్చింది. తక్కువ ఎరువుతో కూడా పండుతుంది. మన రాష్ట్రం దాటి తూర్పు రాష్ట్రాలన్నిటా రైతులు దాన్ని వదలలేదంటే ఊరికే కాదు. కానీ అది దాదాపు 150 రోజుల పంట. నీళ్లు జూలై మధ్యకల్లా అందే చేనుకి అది బంగారమే. ఆగస్టు ఆఖరుకి ఊడిస్తే మాత్రం కోడు కాలంలో లేత చేనుగా, తుఫాను కాలంలో పండిన చేనుగా నిలబడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన విశాఖ దగ్గరే తీరం దాటింది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి ఆ భయం ఏటా ఉన్నదే.

ఇక మీకు చెప్పిన రెండు నంబర్లు. 1064 (అమర) కూడా దీర్ఘకాలిక రకమే, ముంపు పల్లాలకి అనువైనది. నీళ్లు ఆలస్యమయ్యే చెరువు కింద అది మీ సమస్య తీర్చదు. మీ బావగారి పొలం పల్లమై, నీళ్లు నిలిచేదైతే ఆయనకి అది మంచిదే అయ్యుండొచ్చు. 1121 (శ్రీధృతి) సుమారు 125 రోజులకి వస్తుంది, గడ్డి గట్టిది, చేను పడిపోవడం తక్కువ. ఆలస్యమైన ఏడాది స్వర్ణకి బదులు అది గాని, 120 రోజుల 1010 (కాటన్‌దొర సన్నాలు) గాని వేసుకోవడం తెలివైన పని. అయితే ఈ రెండింటిలో దేనికీ ఉల్లికోడును తట్టుకునే రకమన్న పేరు లేదు. షాపులో ఆ మాట చెప్పి అమ్మితే నమ్మకండి. కోడు విషయం శ్రీకాకుళం దగ్గర రాగోలు పరిశోధన స్థానాన్ని అడగాలి. ఉత్తరాంధ్ర వరి మీద పనిచేసేది వాళ్లే. ఇప్పుడు మన చేలల్లో ఏ రకం నిలబడుతోందో చెప్పగలిగేదీ వాళ్లే.

"ఇప్పుడు" అని ఎందుకన్నానంటే, మీ అబ్బాయి ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది. ఒకప్పుడు ఉల్లికోడుకు తిరుగులేని రకాలని సురేఖ, ఫల్గుణలకి పేరుండేది. 1980ల రెండో సగానికి వచ్చేసరికి ఉత్తరాంధ్రలో ఫల్గుణ చేలల్లో కూడా గొట్టాలు కనబడ్డాయి. రకం చెడిపోలేదు, పురుగు మారింది. ఆ నిరోధక శక్తిని దాటగలిగిన కొత్త తెగ మన జిల్లాల్లో తయారైంది. శాస్త్రవేత్తలు దానికి నాలుగో బయోటైపు అని పేరు పెట్టారు. ఆ సంగతి మొదట తెలిసింది ఒక పరిశోధన పత్రం ద్వారానే. దాన్ని చదివిన రైతులు ఉండకపోవచ్చు. కానీ కోడును తట్టుకునే కొత్త రకం కోసం సంకరం చేసేవాళ్లు ఏ పాత రకాన్ని తల్లిగా తీసుకోకూడదో, ఏది ఇంకా పనికొస్తుందో దాంట్లోనే చూసుకున్నారు. మీ అబ్బాయికి ఫోన్లో కనబడిన పేపర్లన్నీ ఇంత ఉపయోగపడ్డాయని నేననను. కొన్ని ఇంకో పేపరుకి మెట్టుగానే మిగిలిపోతాయి. కానీ మీ పొలంలోకి వచ్చిన ప్రతి నంబరు వెనకా అలాంటి కాగితాలు కొన్ని ఉంటాయి.

రకం తయారవడం ఎంత నిదానమైన పనో ఒకసారి మారుటేరు వెళితే చూడొచ్చు. తల్లిగా ఎంచిన మొక్క వెన్నులో ఒక్కో గింజ పైపొట్టు కొస కత్తిరించి, లోపలున్న ఆరు కేసరాలనీ తీసేసి, వెన్నుకి కాగితం సంచి తొడుగుతారు. మర్నాడు పొద్దున తండ్రి మొక్క పుప్పొడి దాని మీద దులుపుతారు. కట్టిన కాసిని గింజల నుంచి తరం తరువాత తరం ఏరుకుంటూ రావాలి. తర్వాత పరిశోధన స్థానాల్లో పోటీ పరీక్షలు, ఆ తర్వాత రైతుల పొలాల్లో చిరుసంచుల పరిశీలన, అంటే కొత్త రకం విత్తనం చిన్న సంచుల్లో ఇచ్చి రైతుల చేతే వేయించి చూడడం. మొత్తం పది పన్నెండేళ్ల పని. చివరి మెట్టయిన చిరుసంచులే నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. మా పరిశోధన పొలంలో నీళ్లు సకాలంలో వస్తాయి, ఎరువు కొలిచి వేస్తాం. మీ చెరువు కింద అలా జరగదు. మా దగ్గర నెగ్గిన రకం మీ దగ్గర నెగ్గాలనేం లేదు. రైతు సేవా కేంద్రంలోని వ్యవసాయ సహాయకుణ్ణి అడిగి, చిరుసంచి వస్తే మీ పేరు రాయించుకోండి.

అలాగని రెండెకరాలూ ఒక్కసారే కొత్త రకానికి మార్చకండి. మొదటి ఏడాది స్వర్ణ పక్కనే పది సెంట్లలో వెయ్యండి. అదే రోజు ఊడ్చి, అదే ఎరువు వేసి, కోసినప్పుడు దేనికది విడిగా తూచండి. నా మాట, షాపతని మాట పక్కన పెట్టి ఆ తూకాన్నే నమ్మండి.

ఇంటి విత్తనం గురించి కూడా చెప్పాలి. స్వర్ణ, 1121 లాంటివి హైబ్రిడ్ విత్తనాలు కావు కాబట్టి దాచుకుని మళ్లీ వేసుకోవచ్చు. ఆ హక్కు 2001 చట్టం కూడా మీకిచ్చింది. కాకపోతే మీ నాన్నగారి రోజుల నుంచి మార్చలేదంటున్నారు. ఇన్నాళ్లకి అందులో బెరుకులు, అంటే వేరే రకాల గింజలు, బాగా కలిసిపోయి ఉంటాయి. మూడేళ్లకోసారైనా నీలం రంగు ట్యాగు ఉన్న ధ్రువీకరణ విత్తనం తెచ్చుకోండి. చల్లే ముందు వంద గింజలు తడిగుడ్డలో కట్టి చూడండి. 80కి తక్కువ మొలిస్తే ఆ విత్తనం వద్దు.

ఈ ఖరీఫ్‌కి కోడు జాగ్రత్తలు చెబుతాను. నారు తీయడానికి వారం ముందు సెంటు నారుమడికి 160 గ్రాముల చొప్పున కార్బోఫ్యురాన్ 3జి గుళికలు పలచగా నీళ్లుంచి చల్లండి. చేతులకి తొడుగు ఉండాలి. ఆ నీళ్లు పశువులు, బాతులు తాగకుండా చూసుకోండి. కోసిన దుబ్బుల నుంచి వచ్చే కొత్త చిగుళ్లలోనూ, గట్ల మీది అడవి వరిలోనూ ఈగ బతికి ఉంటుంది కాబట్టి వేసవిలోనే దున్నించి గట్లు చెక్కించండి. యూరియా ఒకేసారి దిమ్మరించొద్దు. నారు ముదిరిపోతే కుదురుకి నాలుగైదు మొక్కలు పెట్టి దగ్గరగా ఊడవండి. కోడు పురుగుని లోపలి నుంచి తినే ప్లాటిగాస్టర్ అనే చిన్న కందిరీగ మన చేలల్లో సహజంగానే ఉంటుంది. గొట్టాలు కనబడ్డాక కంగారుపడి నాలుగు మందులు కలిపి కొడితే ముందు చచ్చేది అదే.

మొలకల సంగతి. గింజకి కొన్నాళ్లు మొలవని గుణం, అంటే నిద్రావస్థ, రకాన్ని బట్టి మారుతుంది. రెండు వారాల నిద్రావస్థ ఉన్న రకమైతే తుఫాను వానలో కొంత గడువు దొరుకుతుంది. కొత్త రకం ఎంచుకునేటప్పుడు ఈ మాట తప్పక అడగండి. ఈసారి పండిన చేను పడిపోతే వెంటనే నీళ్లు తీసేసి, లీటరు నీటికి 50 గ్రాముల కల్లుప్పు కరిగించి వెన్నులు బాగా తడిసేలా పిచికారీ చెయ్యండి. వాన తెరిపిచ్చిన గంటల్లోనే చెయ్యాలి. మొలక వచ్చేశాక ఉప్పు వల్ల లాభం లేదు.

చోళ్లకి విజయనగరం పరిశోధన స్థానం రకాలు చూడండి. మీకు దగ్గర కూడా. వి.ఆర్. 929 (వేగవతి) అగ్గితెగులును తట్టుకుంటుంది, మీరంటున్న మెడవిరుపు ఆ తెగులే. అరెకరానికి నారు పోసుకుంటే కిలో విత్తనం చాలు. కిలోకి 2 గ్రాముల కార్బెండజిమ్ పట్టించి నారు పొయ్యండి.

చివరగా మీ నుంచి ఒక సాయం కావాలి. ఈసారి చేలో గొట్టాలు కనబడితే, రంధ్రం పడని పచ్చి గొట్టాలున్న దుబ్బులు రెండు మూడు వేళ్లతో సహా పీకి, మట్టితోనే తడి గోనెలో చుట్టి, అదే రోజు రాగోలుకి గాని అనకాపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికి గాని పంపండి. లోపల పురుగు బతికి ఉండాలి. మీ అబ్బాయి చేత ఒక చీటీ మీద ఊరు, రకం, విత్తనం ఎక్కడిది, ఊడ్చిన తేదీ రాయించి దానికి కట్టండి.